వాల్ డోర్చాలో నాన్నతో ఒక శనివారం

మా నాన్నకి సైప్రస్ చెట్లు నచ్చలేదు.

"నీడ లేదు, కాయ లేదు. ఎందుకమ్మాయ్ ఇన్ని నాటారు?" అన్నాడు. దారికి రెండు పక్కలా కొండ మీద దాకా పోయే ఆ చెట్ల వరసని ఫోటో తీసుకోవడానికి జనం కార్లు ఆపుకుని మరీ దిగుతున్నారు. టస్కనీ అని గూగుల్లో కొడితే మొదట వచ్చే బొమ్మ అదే. మా ఆయన కూడా కారు పక్కకి తీసి ఆపాడు. నాన్న దిగాడు గానీ చెట్ల వైపు పోలేదు. దారి పక్కనున్న పిల్లకాలవ దాటి చేలోకి నడిచాడు. వంగి ఓ మట్టిగడ్డ తీసి, వేళ్ల మధ్య నలిపి, చివరికి కాస్త తడి చేసి మరీ చూశాడు.

"రేగడే. కాకపోతే తెల్ల రేగడి. ఎండితే నెర్రెలిస్తది, తడిస్తే కాలు పీక్కోవడం కష్టం," అని తీర్పు చెప్పాడు.

అది 2018 మే నెల. అప్పుడు మేం మ్యూనిక్‌లో ఉండేవాళ్లం. అమ్మానాన్నలు ఒంగోలు పక్కన పల్లె నుంచి మొదటిసారి వచ్చారు. వాళ్లకి ఇటలీ చూపించాలని మా ఆయన ఎక్సెల్ షీట్ వేసి, గంట గంటకీ ప్రోగ్రామ్ రాసి పెట్టాడు. వెనిస్, ఫ్లోరెన్స్, పీసా, సియెనా అయిపోయాయి. రోమ్ మిగిలింది. మధ్యలో ఒక్క శనివారం మాత్రం షీట్‌లో ఖాళీ. అక్కడ "రెస్ట్" అని రాసి ఉంది. ఆ ట్రిప్పులో ఇప్పటికీ మా ఇంట్లో మాట్లాడుకునేది ఆ ఖాళీ గడి గురించే. పీసా గోపురం ఎంత వంగిందో అమ్మకి గుర్తు లేదు.

వాల్ డోర్చా అంటే ఓర్చా నది లోయ. సియెనాకి దక్షిణాన, కారులో గంట దూరం. కొండలు అంటే కొండలూ కావు, మెట్టలు. ఒకదాని వెనక ఒకటి మెత్తగా లేచి పడుతుంటాయి. మే నెలలో గోధుమ ఇంకా పచ్చగా ఉంటుంది, వెన్ను తీసి గాలికి ఊగుతుంటుంది, గట్ల మీద ఎర్ర గసగసాల పూలు. జూన్ చివరికి ఇదంతా బంగారు రంగుకి తిరుగుతుంది, కోతలయ్యాక దున్నితే బూడిద రంగు మట్టి బయటపడుతుంది. నాన్న నలిపి చూసిన ఆ బంకమట్టి ఎప్పుడో లక్షల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నది. ఇప్పటికీ చేలల్లో గవ్వలు దొరుకుతాయట.

యునెస్కో వాళ్లు 2004లో ఈ లోయ మొత్తాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఏదో ఒక కోటో గుడో అని కాదు, పొలాలూ ఇళ్లూ దారులూ చెట్లూ కలిపి. ఎందుకంటే ఈ అందం దానంతట అది వచ్చింది కాదు. 14, 15 శతాబ్దాల్లో సియెనా వ్యాపారులు డబ్బు పెట్టి, చూడ్డానికి బాగుండాలి, పంటా పండాలి అని ఒక లెక్క ప్రకారం తీర్చిదిద్దించిన నేల ఇది. అంతకుముందు రోజు సియెనా టౌన్ హాల్లో అంబ్రోజో లోరెంజెత్తి 1338, 39ల్లో గోడల మీద వేసిన బొమ్మలు చూశాం. మంచి పాలన ఉంటే ఊరు ఎలా ఉంటుంది, పల్లె ఎలా ఉంటుంది అని. అందరూ ఊరి బొమ్మ ముందు నిలబడి నాట్యం చేసేవాళ్లని చూస్తుంటే, నాన్న పల్లె బొమ్మ దగ్గరే ఉండిపోయాడు. నూర్పిళ్లు చేసేవాళ్లు, గాడిదల మీద బస్తాలు, నడుముకి తెల్ల పట్టీ ఉన్న నల్ల పందిని తోలుకొస్తున్న రైతు. "ఈయనెవరో పని తెలిసిన మనిషే. కట్టె పట్టుకోవడం చూడు," అన్నాడు చిత్రకారుణ్ణి మెచ్చుకుంటూ.

మేం దిగింది పియెంజాకి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో మెట్ట మీదున్న ఒక రైతు ఇంట్లో. ఇలా వ్యవసాయం చేసుకునేవాళ్లు అతిథులకి గదులు ఇచ్చే పద్ధతిని అగ్రితురిజ్మో అంటారు. 1985లో దీనికి ప్రత్యేకంగా చట్టం తెచ్చారు, పొలం మీద వచ్చేది చాలక రైతులు ఊరు వదిలిపోకుండా. రాతి గోడలు, ఎర్ర పెంకులు, బయటి నుంచి పై అంతస్తుకి రాతి మెట్లు. మాకిచ్చిన గది కింది అంతస్తులో. కమాను పైకప్పు, గోడలు మూరెడు మందం, మే ఎండలో కూడా చల్లగా ఉంది. గోడకి ఇనుప కడియాలు ఉన్నాయి. తువ్వాలు వేసుకోవడానికి అనుకుని అమ్మ వాటికి తడి చీర ఆరేసింది.

పొద్దున టిఫిన్‌కి రొట్టె, ఆప్రికాట్ జామ్, అప్పుడే తీసిన రికోటా, మెత్తటి పనీర్ లాంటిది. రికోటా ఇంకా గోరువెచ్చగా ఉంది, గిన్నెలోంచి చెంచాతో తీసి పెట్టింది ఇంటావిడ. అమ్మ రొట్టె కొరికి నా చెవిలో, "పాపం ఉప్పు వేయడం మర్చిపోయినట్టున్నారే, ఏమనకు," అంది. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు, ఇక్కడ అంతే. దానికి రకరకాల కథలు చెప్తారు, ఉప్పు పన్నుల గురించీ, పీసా వాళ్లతో పడిన గొడవల గురించీ. ఏది ఏమైనా దీనితో తినే జున్ను, ఎండు మాంసం రెండూ ఉప్పు కషాయమే కాబట్టి రొట్టె చప్పగా ఉండటమే మేలు. పైగా ఎండిపోయినా పారేయరు. చిక్కుడు గింజలు, ముదురాకు పచ్చ కేల్ ఆకులు వేసి ఉడికించిన చారులో నిన్నటి రొట్టె వేసి, మర్నాడు మళ్లీ మరగబెట్టి తింటారు. రిబొల్లిత అంటే అదే. మేం వెళ్లినప్పుడు హోటళ్లలో దాన్ని మట్టి మూకుళ్లలో పెట్టి పది యూరోలకి అమ్ముతున్నారు.

తొందర లేదు కాబట్టి పదింటికి గానీ బయల్దేరలేదు. సాన్ కీరికో అనే ఊరి నుంచి పియెంజా వెళ్లే దారిలో వితలేత అనే చిన్న చర్చి ఉంది. గోధుమ చేల మధ్య ఒంటరిగా, అటూ ఇటూ సైప్రస్ చెట్లతో. అక్కడికి మట్టి రోడ్డు మీద కాసేపు నడవాలి. ఇక్కడి తెల్ల కంకర రోడ్ల మీద కారు పోతే వెనక దుమ్ము లేస్తుంది. అద్దె కారు వాడు ఆ దుమ్ము చూసి ఏమంటాడో అని మా ఆయనకి టెన్షన్. నాన్నకి మాత్రం నడిచినంతసేపూ హుషారే. ఎక్కడ గోధుమ పలచగా ఉంది, ఎక్కడ కలుపు మందు కొట్టారు, ఎక్కడ నీళ్లు నిలుస్తాయి, అన్నీ చెప్తూ నడిచాడు. చర్చి తలుపు మూసి ఉంది. ఎవరికీ బాధ కలగలేదు.

పియెంజా చాలా చిన్న ఊరు, ఈ చివర నుంచి ఆ చివరకి పది నిమిషాలు పట్టదు. కానీ దీని కథ మాత్రం పెద్దది. మొదట దీని పేరు కోర్సిజ్ఞానో, మామూలు పల్లెటూరు. 1405లో ఇక్కడ పుట్టిన ఏనియా సిల్వియో పికొలోమిని అనే ఆయన పెరిగి, చదివి, కవిత్వం రాసి, దేశాలు తిరిగి, 1458లో రెండో పయస్ పేరుతో పోప్ అయ్యాడు. మర్నాడే అన్నట్టు సొంత ఊరు వచ్చి చూస్తే చిన్ననాటి స్నేహితులందరూ ముసలివాళ్లై కనిపించారు. ఊరంతా పడగొట్టి కొత్తగా కట్టిద్దాం అనుకున్నాడు. బెర్నార్దో రొసెల్లీనో అనే శిల్పిని పిలిచాడు. 1459లో మొదలుపెడితే 1462 కల్లా చర్చి, పోప్ గారి మేడ, బిషప్ మేడ, మధ్యలో చౌకు, అన్నీ లేచాయి. ఊరికి పోప్ పేరే పెట్టారు. ఖర్చు మాత్రం రొసెల్లీనో మొదట చెప్పినదానికి ఎన్నో రెట్లు, యాభై వేల డకెట్లు (అప్పటి బంగారు నాణేలు) దాటింది. గిట్టనివాళ్లు పోప్‌కి పితూరీలు చెప్పారు. ఆయన శిల్పిని పిలిపించి, ఖర్చు విషయంలో నువ్వు అబద్ధం చెప్పడమే మంచిదైంది, నిజం చెప్పి ఉంటే నేను కట్టించేవాణ్ణే కాదు అని మెచ్చుకుని, బహుమతిచ్చి పంపాడట. ఈ సంగతి పోప్ తన ఆత్మకథలో స్వయంగా రాసుకున్నాడు.

నేను ఇదంతా చెప్తుంటే అమ్మ నాన్న వైపు ఒక చూపు చూసింది. మా ఇల్లు కట్టినప్పటి మేస్త్రీ కథ మా ఇంట్లో ఇంకా చల్లారలేదు. "పోప్ గారు పెద్దమనిషి కాబట్టి ఊరుకున్నాడు," అంది.

చర్చి లోపల తెల్లగా, వెలుగుగా ఉంటుంది. గోడల మీద రంగులూ బొమ్మలూ వేయకూడదని పోప్ ఉత్తర్వు ఇచ్చి పోయాడు. లోపలికి నడుస్తుంటే నేల ముందుకి వాలుతున్నట్టు తెలుస్తుంది. చర్చి వెనక భాగం సరిగ్గా కొండ అంచు మీదుంది, అక్కడ నేల మెత్తన, అయిదున్నర శతాబ్దాలుగా ఆ వైపు కుంగుతూనే ఉంది. ఎన్నిసార్లు బాగు చేయించినా గోడల మీద పగుళ్లు కనిపిస్తూనే ఉంటాయి. నాన్న ఒక పగులు మీద వేలు పెట్టి కింద నుంచి పైదాకా చూశాడు. మా వైపు రేగడి నేలల్లో కట్టిన ఇళ్లన్నిటికీ ఈ జబ్బు ఉంటుంది. ఎండాకాలం విచ్చుకుంటాయి, వానాకాలం మూసుకుంటాయి. "పునాది ఇంకా లోతుకి పోవాల్సింది," అన్నాడు. అంతకుముందు ఫ్లోరెన్స్‌లో ఏ చర్చి గురించీ ఒక్క ముక్క మాట్లాడని మనిషి, దీని దగ్గర అరగంట ఉన్నాడు.

పియెంజా వీధిలో నడుస్తుంటే ముక్కుకి తగిలేది జున్ను వాసన. ఇక్కడి జున్ను గొర్రె పాలతో చేస్తారు, పెకొరీనో. కొట్టు నిండా అరలు, అరల నిండా గుండ్రటి ముద్దలు. కొన్నిటికి పైన టమాటా గుజ్జు రాసి ఎర్రగా ఉన్నాయి, కొన్నిటికి బూడిద పూశారు, కొన్నిటిని అక్రోట్ ఆకుల్లో చుట్టి ఉంచారు. లేతవి తెల్లగా మెత్తగా, నెలల తరబడి ముదరబెట్టినవి పసుపు పచ్చగా పెళుసుగా. కొట్టావిడ కత్తితో పొరలా గీసి, కత్తి మొన మీదే అందిస్తుంది.

ఆ రోజు శనివారం. అమ్మ శనివారం నీచు ముట్టదు, పెళ్లికి ముందు నుంచీ అంతే. పాలతో చేసింది కదా అని ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకోబోతుంటే మా ఆయన, పాపం మంచి మనసుతోనే, "అత్తయ్యగారూ, దీన్ని గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన దాంతో తోడేస్తారు," అని చెప్పాడు. ఆ ముక్క నాన్న చేతిలోకి పోయింది. అమ్మ మొహం చూసి కొట్టావిడకి విషయం అర్థమైనట్టుంది. బల్ల కింద నుంచి ఇంకో ముద్ద తీసింది. ఒక ముళ్ల మొక్క పువ్వు బొమ్మ చూపించింది, ఊదా రంగుది, ఆర్టిచోక్ జాతి. అడవిలో మొలిచే ఆ మొక్క పువ్వుల్ని ఎండబెట్టి, నానబెట్టి, ఆ నీళ్లతో పాలు గట్టిపరుస్తారు. ఇక్కడ పాతకాలంలో అదే పద్ధతి, ఇప్పుడు కొందరే చేస్తున్నారు. అమ్మకి మజ్జిగ వేస్తే పాలు తోడుకుంటాయని తెలుసు, నిమ్మకాయ పిండితే విరుగుతాయని తెలుసు. పువ్వుతో తోడు పెట్టడం ఏమిటని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుని తిన్నది. "కాస్త చేదు తగుల్తోంది. బాగుంది," అంది. ఆ చేదు ఆ పువ్వుదే. అర కేజీ కట్టించుకుంది.

మధ్యాహ్నం భోజనం దగ్గర రెండు గంటలు పైనే కూర్చున్నాం. ఇక్కడ వంటిల్లు పన్నెండున్నరకి తెరిచి రెండున్నరకి మూసేస్తారు, ఆ మధ్యలో ఎవరూ ఎవర్నీ తొందరపెట్టరు. ముందు ఒక బుట్ట నిండా పచ్చి బాకలా (ఫావా చిక్కుడు) కాయలు, తొక్కతో సహా, పక్కన లేత పెకొరీనో ముక్కలు. వసంతంలో ఇదొక సంప్రదాయం, కాయ ఒలుచుకుని పచ్చి గింజ నోట్లో వేసుకుని జున్ను ముక్క కొరుక్కోవడం. మా వైపు చేలో కూర్చుని పచ్చి కందికాయలూ శనక్కాయలూ ఒలుచుకు తినే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? బుట్ట ఖాళీ చేసి నాన్న రెండో బుట్ట అడిగాడు, తెలుగులో. వచ్చింది. బిల్లులో మనిషికింత అని కూర్చున్నందుకు వేసిన డబ్బులు చూసి మాత్రం, "నిలబడి తింటే వేయరా?" అన్నాడు. కాఫీ బార్లలో నిజంగానే అంతే. నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. అది విన్న దగ్గర్నుంచి ఆ ట్రిప్పులో మేం కూర్చుని కాఫీ తాగలేదు.

సాయంత్రం నాలుగింటికి బాజ్ఞో విజ్ఞోని. ఇది ఇంకా చిన్న ఊరు. మామూలుగా ఇటలీలో ఊరి మధ్యలో చౌకు ఉంటుంది. ఇక్కడ చౌకు ఉండాల్సిన చోట పెద్ద కోనేరు. చుట్టూ రాతి మేడలు, మధ్యలో ఆవిర్లు కక్కే నీళ్లు, ఊట దగ్గర దాదాపు యాభై డిగ్రీల వేడి. రోమన్ల కాలం నుంచీ ఈ నీళ్లు వాడకంలో ఉన్నాయి. ఉత్తరాది నుంచి రోమ్‌కి కాలినడకన పోయే యాత్రికుల దారి, వియా ఫ్రాంచిజెనా, దీని పక్కనుంచే పోతుంది. వందల మైళ్లు నడిచొచ్చినవాళ్లు ఇక్కడ కాళ్లు కాచుకుని పోయేవాళ్లు. సియెనా సెయింట్ కేథరిన్ వచ్చింది, ఫ్లోరెన్స్ ఏలిన లోరెంజో దె మెదిచి కీళ్ల నొప్పులకి వచ్చాడు. ఇప్పుడు కోనేట్లో దిగనివ్వరు. కానీ ఆ నీళ్లు సన్నటి రాతి కాలవల్లోంచి కొండ అంచుకి పారతాయి, అక్కడ కాళ్లు పెట్టుకోవచ్చు.

మోకాళ్ల నొప్పులతో వెనిస్ వంతెనలన్నీ ఎక్కి దిగిన అమ్మ, చీర కాస్త పైకి పట్టుకుని కాలవ గట్టు మీద కూర్చుంది. పక్కనే ఒక ముసలి ఇటాలియన్ జంట. ఆవిడ కూడా పావడా ఎగదోసుకుని కాళ్లు ముంచింది. ఇద్దరూ ఒకరి మోకాళ్లు ఒకరికి చూపించుకున్నారు. నేను పక్కనే ఉన్నా, నన్ను తర్జుమాకి పిలవలేదు.

కాలవ కింద కొండ తొలిచి కట్టిన మరలున్నాయి, పాతకాలం పిండి మరలు. ఈ చుట్టుపక్కల వాగులన్నీ వేసవిలో ఎండిపోతాయి, మరలు ఆగిపోతాయి. ఈ వేడి ఊట మాత్రం ఏడాది పొడుగునా ఒకేలా పారుతుంది. అందుకని ఎండాకాలంలో లోయ లోయంతా గోధుమలు మోసుకుని ఇక్కడికే వచ్చేది. నాన్న దిగి అన్నీ చూసొచ్చాడు. జబ్బులు నయం చేసిన నీళ్లని వదలకుండా కిందికి పంపి పిండి కూడా ఆడించుకున్నారని ఆయనకి భలే నచ్చింది.

ఇంటికి వచ్చేసరికి ఆరు. ఇంటావిడ వంటింట్లో పొడవాటి చెక్క బల్ల మీద పిండి కలుపుతోంది. ఆ రాత్రి భోజనం అక్కడే చెప్పుకున్నాం. శనివారం సంగతి పొద్దునే చెప్పి ఉంచాం కాబట్టి, వెల్లుల్లి టమాటా సాసుతో పిచి చేస్తానంది. పిచి అంటే చేత్తో చేసే లావుపాటి సేమ్యా అనుకోండి. గోధుమ పిండి, నీళ్లు, కాస్త నూనె, చిటికెడు ఉప్పు. గుడ్డు వేసే ఇళ్లూ ఉన్నాయి గానీ ఇది పేదవాళ్ల తిండి, గుడ్లు అమ్మకానికి పోయేవి. పిండి ముద్దని అరగంట నానబెట్టి, చపాతీలా ఒత్తి, వేలెడు పట్టీలు కోసి, ఒక్కో పట్టీనీ అరచేతుల కింద బల్ల మీద దొర్లిస్తూ బయటికి లాగాలి. దారం పొడుగు సాగాలి, తెగకూడదు, అంతా ఒకే లావు ఉండాలి.

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. కాసేపటికి ఆగలేకపోయింది. "తాలికలు కదే ఇవి," అని లోపలికి వెళ్లి చేతులు కడుక్కుంది. వినాయక చవితికి మా ఇంట్లో పాలతాలికలు ఆవిడ చేతి మీదుగానే అవుతాయి. బియ్యప్పిండితో చేయడం ఇంకా కష్టం, జిగురుండదు, ఊరికే విరుగుతుంది. ఈ గోధుమ పిండి ఆవిడకి ఆటలా ఉంది. మొదటిది చేసింది, ఇంటావిడ తీసి ఎత్తి చూసింది, కొసలు పట్టుకుని ఊపింది, పక్కన వాళ్ల వరసలో పెట్టేసింది. ఆ తర్వాత ఇద్దరూ బల్లకి అటొకరూ ఇటొకరూ నిలబడి పని కానిచ్చారు. నేను చేసినవి లావుగా పొట్టిగా వచ్చాయి, వాటిని ఇంటావిడ ఏమీ అనకుండా మళ్లీ ముద్దలో కలిపేసింది. అమ్మ మాత్రం అంది.

సాసుకి వాడింది అల్యోనె అనే వెల్లుల్లి, పక్కనున్న కియానా లోయలో పండేది. ఒక్కో రెబ్బ మన ఉల్లిపాయంత. ఘాటు తక్కువ. నూనెలో సన్న సెగ మీద ఎర్రబడనీయకుండా, గరిటెతో నలిపితే వెన్నలా అయ్యేదాకా మగ్గించి, అప్పుడు టమాటా వేయాలి. నలభై నిమిషాలు ఆ పొయ్యి దగ్గరే ఉంది ఇంటావిడ. వెల్లుల్లి మాడనివ్వకపోవడమే ఇందులో ఉన్న పనంతా.

నాన్న హాల్లో గోడకున్న ఫోటోల దగ్గర నిలబడిపోయాడు. నలుపు తెలుపు ఫోటో. రెండు తెల్లటి ఎద్దులు, మెడ మీద కాడి, పక్కన టోపీ పెట్టుకున్న మనిషి వాటి భుజం దాకా కూడా లేడు. "బాబూ, ఇటు రా," అని మా ఆయన్ని పిలిచాడు. "ఒంగోలు గిత్తలే ఇవి. మూపురం ఏది?"

అవి కియానీనా జాతి. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తయిన పశుజాతి, పెద్ద ఎద్దులు ఆరడుగులు తేలతాయి. తెల్ల వెంట్రుక, నల్ల ముట్టె, నల్ల తోక కుచ్చు. రోమన్లు బలులకి వాడింది వీటి పూర్వీకులనే అంటారు. వంటింటి పక్క కుర్చీలో కూర్చున్న ఇంటావిడ తండ్రి, ఎనభై దాటిన మనిషి, కర్ర పట్టుకుని లేచి వచ్చాడు. ఫోటోలో టోపీ మనిషి ఆయన తండ్రి. ఆ తర్వాత గంటసేపు నడిచిన సంభాషణ నాన్న తెలుగు, పెద్దాయన ఇటాలియన్, మధ్యలో మా ఆయన ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్. ఆ ఫోన్ చాలాసార్లు అడ్డమే అయింది.

నాన్న మొదటి ప్రశ్న, ఎకరాకి ఎన్ని బస్తాలు? పెద్దాయన హెక్టార్లలో, క్వింటాళ్లలో చెప్పాడు. ముప్పై వస్తే మంచి ఏడు అన్నాడు. నాన్న గోడ వైపు చూస్తూ నోటిలెక్క వేసి, ఎకరాకి పన్నెండు క్వింటాళ్లు అని తల ఊపాడు. రెండో ప్రశ్న, పొలం మీదేనా? ఇప్పుడు మాదే, అన్నాడు పెద్దాయన. అప్పుడు కాదు.

అప్పట్లో ఈ లోయంతా మెజ్జాద్రియా. భూమి దొరది, ఇల్లు దొరది, చాకిరీ రైతు కుటుంబానిది, పంట చెరిసగం. అది కాక క్రిస్మస్‌కి కోళ్లు, ఈస్టర్‌కి గుడ్లు మేడకి పంపాలి. లెక్కలు రాసే గుమాస్తా పుస్తకంలో రైతు ఎప్పుడూ బాకీయే. కుటుంబంలో ఎవరు పెళ్లి చేసుకోవాలన్నా దొర మాట కావాలి. మా వైపు కోరుకి చేసే రైతుల సంగతి తెలిసిన నాన్నకి ట్రాన్స్‌లేటర్ అవసరం పడని చోటు ఇదే. చెరిసగం అని పెద్దాయన అరచేతిని అడ్డంగా కోసినట్టు చూపించగానే, "మరి విత్తనం ఎవరిది?" అన్నాడు.

యుద్ధం అయ్యాక జనం ఈ బతుకు వద్దనుకుని ఫ్యాక్టరీలకి పోయారు. 1964లో కొత్తగా ఇలాంటి ఒప్పందాలు రాసుకోకూడదని చట్టం వచ్చింది. అప్పటికే ఇళ్లకి ఇళ్లు ఖాళీ. పాడుబడ్డ పొలాల్లోకి సార్డీనియా దీవి నుంచి గొర్రెల కాపర్లు మందలతో వచ్చి స్థిరపడ్డారు. పొద్దున మేం రుచి చూసిన పియెంజా జున్ను ఇప్పుడు ఇంత పెద్ద వ్యాపారంగా ఉందంటే సగం వాళ్ల చలవే. పెద్దాయన కుటుంబం పోలేదు, బ్యాంకు అప్పు చేసి ఈ ఇల్లూ కొంత పొలం చెక్కా కొనుక్కుంది. ఇల్లు కొన్నప్పుడు పై అంతస్తులో పద్నాలుగు మంది, కింద ఎద్దులు.

"కింద అంటే?" అన్నాడు నాన్న.

పెద్దాయన కర్రతో మా గది వైపు చూపించాడు. అమ్మ చీర ఆరేసిన కడియాలు వాటివే. నాన్న నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయాడు. ఈ దేశంలో కొట్టంలో పడుకోవడానికి రోజుకి ఎంత కట్టామో మా ఆయన్ని అడిగాడు. చెప్పనివ్వకుండా నేను అడ్డం పడ్డాను.

ఎద్దులేమయ్యాయి అని అడిగితే, ట్రాక్టర్ వచ్చిందన్నాడు పెద్దాయన. కియానీనా ఇప్పుడు మాంసం పశువు. పొద్దున పియెంజాలో మాంసం కొట్టు అద్దాల వెనక మూడు వేళ్ల మందాన, ఎముకతో సహా కోసి పెట్టినవి చూశాం, ఫ్లోరెన్స్ బిస్తెక్క అని బోర్డు ఉంది. నాన్న కాసేపు ఏమీ అనలేదు. "మావి బండలాగుడు పందేలకి మిగిలాయి," అన్నాడు తర్వాత. ఫోన్ దాన్ని ఏమని మార్చిందో తెలీదు, పెద్దాయన చాలాసేపు ఆ స్క్రీన్ చూసి, పందెమా అని అడిగాడు. నాన్న తన ఫోన్ తీసి సంక్రాంతి పందేల వీడియో పెట్టాడు. గిత్తలు రాతి బండ లాగుతుంటే జనం కేకలు. పెద్దాయన కూతురిని పిలిచాడు, అల్లుణ్ణి పిలిచాడు, ఆ వీడియో ఆ ఇంట్లో అందరూ చూసేదాకా భోజనాలు మొదలు కాలేదు.

పిచి పెద్ద గిన్నెతో తెచ్చి బల్ల మధ్యలో పెట్టారు. అమ్మ చేసినవేవో, ఇంటావిడ చేసినవేవో తెలియలేదు. వెల్లుల్లి ఎక్కడా పంటికి తగల్లేదు, సాసు మొత్తానికి దాని తీపి పట్టింది. అమ్మ పైన కాస్త కారం చల్లుకుందామని అడిగితే ఎండు మిర్చి ముక్కలు ఇచ్చారు, ఎవరూ తప్పు పట్టలేదు. నాన్న రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఎనిమిదిన్నరకి పొద్దు గుంకింది, ఎదురుగా అమియాటా కొండ నల్లబడింది. ఎండు బాదం బిస్కట్లు తీపి వైన్‌లో ముంచుకు తినమని ఇచ్చారు. నాన్న బిస్కట్ పక్కన పెట్టి వైన్ తాగాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా బయల్దేరాలి. మధ్యాహ్నం కొలోసియం టికెట్లు, టైం వేసి ఉన్నాయి, వెనక్కి ఇస్తే డబ్బులు రావు. మా ఆయన అదే చెప్తుంటే నాన్న అప్పటికే పెద్దాయనతో ఇంకేదో మాట్లాడుకుని వచ్చాడు.

"బాబూ, రేపు వీళ్లు పశువుల గడ్డి కోస్తారంట. మంచు ఆరినాక, పదింటికి. చూసి పోదాం."

"మావయ్యా, కొలోసియం..."

"అది రెండువేల ఏళ్ల నుంచి అక్కడే ఉంది గదా. గడ్డి రేపొక్కరోజే."

మా ఆయన లాప్‌టాప్ తెరిచి, ఎక్సెల్ షీట్‌లో ఆదివారం గడి చెరిపేసి "గడ్డి" అని రాశాడు. అమ్మ అప్పటికే ఇంటావిడతో నాలుగు అల్యోనె రెబ్బలు మూట కట్టించుకుని, ఒంగోలు మట్టిలో ఎప్పుడు పాతాలో నాన్నని అడుగుతోంది.